పేరు తెలియని పెద్దావిడ మొక్కు

ప్రశ్న: నాకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు, పక్క మంచం రోగికి తోడుగా ఉన్న ఒక పెద్దావిడ, నా మంచానికి కట్టిన అట్టమీద నా పేరు చదివి, గుణదల మేరీమాత కొండమీద నా పేరున కొవ్వొత్తి వెలిగించారని ఆరు నెలల తర్వాత ఆయా చెప్పింది. అప్పటినుంచి మనసు నిబ్బరపడింది. ఆమె ఊరూ పేరూ తెలియవు, మేము హిందువులం. ఈ రుణం ఎలా తీర్చుకోవాలి?

జవాబు: ఏటా ఫిబ్రవరిలో జరిగే గుణదల ఉత్సవాలకు అన్ని మతాలవారూ వచ్చి, కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు సమర్పించి మొక్కులు తీర్చుకుంటారు కనుక మీకు సంకోచం అక్కరలేదు. అయినవాళ్ళ మొక్కులో వాళ్ళ భయం కూడా కలిసి ఉంటుంది. ఆవిడ మాత్రం, తన మనిషి మంచాన ఉండగానే, ఏమీ కాని మిమ్మల్ని తలుచుకున్నారు. మీ నిబ్బరం అక్కడిదే. వీలు చూసుకుని కొండకు వెళ్ళి, ఆ పక్క మంచం రోగి కోసం ఒక కొవ్వొత్తి వెలిగించండి.