సమాధానం: డ్రెస్డెన్‌లో ఔరంగజేబు దర్బారు ఎక్కడుందంటే

జర్మనీలోని డ్రెస్డెన్ రాజకోటలో ఉన్న నిధుల మ్యూజియం హిస్టారిక్ గ్రీన్ వాల్ట్‌కి టికెట్ కొని గదులన్నీ తిరిగినా, స్వర్ణకారుడు డింగ్లింగర్ చిన్న చిన్న బొమ్మలతో చేసిన ఔరంగజేబు దర్బారు కనపడలేదని రాశారు కదండీ, అది అక్కడ ఉండదు. అదే కోటలో ఒక అంతస్తు పైన న్యూ గ్రీన్ వాల్ట్ ఉంది, అందులో ఉంటుంది. ఇంకా ఊళ్లోనే ఉంటే తప్పకుండా వెళ్లండి, వదులుకోవద్దు.

యోహాన్ మెల్కియోర్ డింగ్లింగర్ 1664లో దక్షిణ జర్మనీలోని బిబెరాక్‌లో పుట్టాడు. డ్రెస్డెన్‌లో సాక్సనీ రాజ్యాన్ని ఏలిన బలశాలి ఆగస్టస్‌కి ఆస్థాన స్వర్ణకారుడయ్యాడు. ఇండియా గడప తొక్కనే లేదు. యాత్రికులు రాసిన పుస్తకాలు చదివి, 1701 నుంచి 1708 దాకా ఇద్దరు తమ్ముళ్లతో కలిసి ఈ దర్బారు చేశాడు. ఔరంగజేబు పుట్టినరోజు, కానుకలతో వచ్చిన సామంతులు, ఏనుగులు, ఒంటెలు. బొమ్మలు బంగారంవి, వాటి మీద ఎనామెల్, అంటే రంగు గాజుపొడి అద్ది కొలిమిలో కరిగించడం. వేడి కాస్త ఎక్కువైతే రంగు చెడిపోతుంది. వేలెడంత బొమ్మకి అన్ని రంగులెలా నిలబెట్టారో, నాకైతే నోట మాట రాలేదు! వజ్రాలే దాదాపు 5,000. దగ్గరగా వంగి ముఖాలు చూడండి.

ఇక రెండో ప్రశ్న, డ్రెస్డెన్ గ్రీన్ అనే పేరున్న ఆకుపచ్చ వజ్రాన్ని నగలో పొదిగింది కూడా డింగ్లింగరేనా అని. ఆయన కాదు. ఆ వజ్రం 1742లో సాక్సనీ చేరింది, ఆయన 1731లోనే పోయాడు. ఇప్పుడు అది పొదిగి ఉన్న టోపీ నగ 1768 నాటిది, డీస్‌బాఖ్ అనే నగల పనివాడు చేసింది. ఆ రాయి మన కృష్ణా ఒడ్డు కొల్లూరు గనిదని అంటారు. అదీ ఆ పై అంతస్తులోనే.