మీడియాథ్రెడ్ పెట్టే ముందు: లావణ్యకు ఓ ఉత్తరం

చి. లావణ్యకు, ఆశీస్సులు.

మీ నాట్య విభాగం మేడమ్ మీడియాథ్రెడ్ (వీడియోలో ముక్కలు గుర్తుపెట్టి వాటి మీద నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టమన్నారని, ఎంత సర్వర్ కొనాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. సర్వర్ గురించి అంత బెంగ అక్కర్లేదమ్మా. ఆ సాఫ్ట్‌వేర్ వీడియోల్ని తన దగ్గర దాచుకోదు. యూట్యూబ్‌లోనో మరోచోటో ఉన్న వీడియోకి లింకు పెట్టుకుంటుందంతే. ఏ సెకను నుంచి ఏ సెకను దాకా అన్న లెక్క, దాని మీద పిల్లలు రాసిన నోట్సు, ఇవే డేటాబేస్‌లో ఉండేవి. ఒక తరగతికి 4 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు వర్చువల్ మెషీన్ (పెద్ద సర్వర్లో మనకు విడదీసిచ్చే భాగం) చాలు. పిల్లలంతా ల్యాబ్‌లో కూచుని ఒకేసారి ప్లే నొక్కితే ముందు చేతులెత్తేసేది మీ కాలేజీ ఇంటర్నెట్ లైను. సిస్టమ్‌కో హెడ్‌ఫోన్ కూడా ఇండెంట్‌లో రాయి. లేకపోతే మృదంగాలన్నీ ఒకేసారి మోగుతాయి, పక్క గది వాళ్లు నీ మీద పడతారు.

అందుకే సర్వర్ ముట్టుకునే ముందు మేడమ్ దగ్గర వీడియోల జాబితా తీసుకో. ఒక్కొక్కటీ తెరిచి చూడు. కొందరు యజమానులు తమ వీడియో వేరే సైట్లలో ఆడకుండా కట్టేస్తారు, అవి మనకు పనికిరావు. ఎవరో తెలియని వాళ్ల చానెల్లో ఉన్నవి ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. అలా పోతే నోట్సు మిగులుతుంది గానీ చూపించడానికి బొమ్మ ఉండదు. విభాగం వాళ్లు సొంతంగా రికార్డు చేసి, సొంత చానెల్లో ఎక్కించినవైతే నిశ్చింత.

అసలు దీనితో పని ఏమిటో నీకూ తెలిసుండాలి. కూచిపూడి తరంగం ఉందనుకో. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీదికి ఎక్కిన క్షణం నుంచి ఆ జతి ముగిసేదాకా ఒక విద్యార్థి ముక్కగా గుర్తు పెడుతుంది, పాదం కదలిక గురించి నాలుగు మాటలు రాస్తుంది. అదే చోట ఇంకో అమ్మాయి చేతుల గురించి రాస్తుంది. తర్వాత వ్యాసం రాసేటప్పుడు ఆ ముక్కల్ని మధ్యలో పొదగొచ్చు. చదివేవాళ్లు దాని మీద నొక్కితే పక్కనే సరిగ్గా ఆ ముక్కే ఆడుతుంది. మామూలు వ్యాసంలో 'ఇక్కడ పాదం చూడండి' అని ఎంత రాసినా రాని సుఖం ఇది.

ఇక ఇన్‌స్టాల్. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు రాసి, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టారు. డబ్బు కట్టే పని లేదు, పాడైతే ఫోన్ చేయడానికి మనిషీ లేడు. కాబట్టి దాంతోపాటు ఇచ్చే సూచనల ఫైలు, రీడ్‌మీ, మొత్తం చదివాకే కీబోర్డు మీద చెయ్యి వెయ్యి. ఇది పైథాన్ భాషలో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. సిస్టమ్ పైథాన్‌ని కదిలించకు, అన్నీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ పనికి మాత్రమే విడిగా పెట్టుకునే పైథాన్ గది) లోపలే ఉండాలి. మధ్యలో 'పీజీ కాన్ఫిగ్ దొరకలేదు' అని ఆగిపోతే కంగారుపడకు, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడటానికి కావలసిన లిబ్‌పీక్యూ డెవ్ ప్యాకేజీ వేస్తే సాగుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్ చేశాక ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఉందో లేదో తప్పక చూడు, తెలుగు అక్షరాలు పట్టేది అందులోనే. ఇంగ్లిష్‌లో పరీక్షించినంతసేపూ అంతా బాగానే ఉన్నట్టుంటుంది, తెలుగు నోట్సు పడ్డాక తంటాలు మొదలవుతాయి. మొదటి రోజే 'తత్తకారం' అని టైపు చేసి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూసుకో.

పాస్‌వర్డ్‌లు లోకల్ సెట్టింగ్స్ ఫైల్లో ఉంచు, దాన్ని కోడ్ మార్పులు దాచే గిట్‌లోకి ఎక్కించకు. జాంగోతో వచ్చే రన్‌సర్వర్ నీ టేబుల్ దగ్గర పరీక్షించుకోడానికే. పిల్లలకిచ్చేటప్పుడు జాంగోని నడిపే గునికార్న్, దాని ముందు బయటి అభ్యర్థనలు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్, భద్రమైన కనెక్షన్‌కి హెచ్‌టీటీపీఎస్ ఉండాలి. డీబగ్ (తప్పులు వెతికే మోడ్) ఆపడం మరిచిపోతే ఎర్రర్ వచ్చినప్పుడల్లా నీ సర్వర్ లోగుట్టు తెర మీద పరుచుకుంటుంది. కోర్సు చేసేటప్పుడు విద్యార్థులకో గ్రూపు, అధ్యాపకులకో గ్రూపు ఉంటాయి. మేడమ్ పేరు రెండోదాంట్లో ఉందో లేదో సరిచూడు.

బ్యాకప్ విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. వీడియో పోతే మళ్లీ ఎక్కించొచ్చు, సాఫ్ట్‌వేర్ మళ్లీ దించుకోవచ్చు, పిల్లల నోట్సు ఇంకెక్కడా దొరకదు. డేటాబేస్ కాపీ తీసే పీజీ డంప్‌ని రోజూ రాత్రి తనంతట నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు చేయించే సాధనం) పెట్టు, కాపీ వేరే మెషీన్‌కి వెళ్లాలి. ఆ కాపీతో ఖాళీ మెషీన్ మీద ఒకసారి డేటాబేస్ తిరిగి లేపి చూపించేదాకా మేడమ్‌కి 'రెడీ' అని చెప్పొద్దు.

మొదటి సెమిస్టర్‌కి ఒక్క సెక్షనే ఇవ్వు. మిగతా విభాగాల వాళ్లు అడిగితే నా పేరు చెప్పి తప్పించుకో. జాబితా వచ్చాక నాకూ పంపు, ఏ లింకులు ఆడటం లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బాబాయ్