చదువుకోవడానికి పంపుతున్నామా, శ్రమదానానికా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది తెనాలి. మా అబ్బాయికి బోస్టన్ యూనివర్సిటీలో డిగ్రీ సీటు వచ్చింది. తరగతులు సెప్టెంబర్‌లో. అంతకు ముందు కొత్త విద్యార్థులకి వారం రోజుల సేవా కార్యక్రమం ఉందని, దానికి వెళ్తానని పట్టుబడుతున్నాడు. దానికి ఫీజు కూడా ఉంది. మావారు, 'ఇంత అప్పు చేసి పంపేది చదువుకోవడానికా, చీపురు పట్టడానికా' అంటున్నారు. అక్కడ పని చేస్తే వీసా పోతుందని మా తమ్ముడు భయపెట్టాడు. నాకేమో వరలక్ష్మీ వ్రతం దాకా కళ్లెదుట ఉంటాడనుకున్న పిల్లాడు ముందే వెళ్లిపోతున్నాడని బెంగ. పంపమంటారా? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: పంపండమ్మా. కారణాలు తర్వాత చెప్తాను, ముందు వీసా టెన్షన్ తీరిపోవాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లే పిల్లలు, యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితంలో ఉన్న ప్రోగ్రాం తేదీకి 30 రోజుల ముందు నుంచే అమెరికాలో దిగొచ్చు. జీతం లేకుండా, అక్కడి వాళ్లు కూడా ఊరికే చేసే పనిని ఒక సేవాసంస్థలో చేస్తే అది ఉద్యోగం కింద రాదు. మీ తమ్ముడు గారు విన్నది అనుమతి లేకుండా డబ్బు తీసుకుని చేసే పనుల గురించి అయి ఉంటుంది. అయినా అబ్బాయి చేత అక్కడి విదేశీ విద్యార్థుల ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టించండి. హాస్టల్ గది ఆ వారం ముందే ఇస్తారా, ఆరోగ్య బీమా ఏ తేదీ నుంచి మొదలవుతుంది, విదేశీ విద్యార్థుల ఓరియంటేషన్ అదే రోజుల్లో పడుతోందా, ఈ మూడూ అడగాలి. బీమాకి మధ్యలో ఖాళీ వస్తే ఆ కొద్ది రోజులకి ఇక్కడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. టీకాల కాగితాలు చేతి సంచిలో పెట్టండి, పెద్ద పెట్టెలో వద్దు. ఫీజు భారమనిపిస్తే ఏమైనా తగ్గిస్తారా అని అబ్బాయినే అడగమనండి. అలా అడగడం అక్కడ తప్పు కాదు.

ఇక అసలు విషయం. మీ అబ్బాయి చెబుతున్నది ఎఫ్‌వైసాప్ అనే కార్యక్రమం. 1990లో మొదలైంది. ఆకలి, ఇల్లు లేనితనం, వృద్ధులు, పర్యావరణం ఇలా ఏదో ఒక అంశం ఎంచుకుంటారు. సీనియర్ విద్యార్థులే చిన్న చిన్న జట్లుగా నగరంలోకి తీసుకెళ్తారు. అక్కడ ఇది కొత్త పద్ధతేమీ కాదు, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కమ్యూనిటీ యాక్షన్ అని 1987 నుంచి ఉంది.

నేను కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. అందులో పద్నాలుగేళ్లు ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌గా కూడా ఉన్నాను. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబర్ 24న పెట్టిన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ఊరి క్యాంపు. మా మొదటి క్యాంపులో సర్పంచ్ గారిని అడిగి ఒక డొంకకి మట్టి తోలి చదును చేశాం. పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. చివరి రోజు భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, 'దోవ బాగానే చేశారమ్మా, బోరు కాడ మురుగు నిలబడి చస్తున్నాం, అది తీసుంటే మీకు దణ్ణం పెట్టేవాళ్లం' అంది. ఏడు రోజులూ ఆ బోరు నీళ్లే తాగాం మేము. ఆవిడను అడగాలని ఒక్కరికీ తోచలేదు, ముందు నాకే తోచలేదు. మరుసటేడు క్యాంపు మొదటి రోజు పలుగులు తీయనివ్వలేదు. బిందెలతో వచ్చే ఆడవాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టాను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, వారం రోజుల్లో మీ అబ్బాయి బోస్టన్‌ని ఉద్ధరించడు. ఆ మాట అతనికి మీరే చెప్పండి. వెళ్లేది అడిగి తెలుసుకోవడానికి.

మా అమ్మాయి బోస్టన్ పక్కనే ఉంటుంది. ఒక ఆగస్టులో దానితో కలిసి, లేనివాళ్లకి తిండి అందించే ఒక ఆహార బ్యాంకు గోదాముకి వెళ్లాను. జనం ఇచ్చిన తిండి డబ్బాలు వేరు చేసే పని. తేదీ చూడాలి, అతుకు దగ్గర సొట్ట పడితే పక్కన పారేయాలి, ఉబ్బింది అసలు ముట్టుకోకూడదు. మా బల్లకి అటువైపు కొత్తగా కాలేజీలో చేరిన పిల్లలు పదిమంది ఉన్నారు. పొద్దున తొమ్మిదింటికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. పదకొండింటికి ఎవరి అట్టపెట్టె ముందు నిండుతుందా అని పందేలు వేసుకుంటున్నారు. పని అయ్యాక నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ఇంత డబ్బున్న ఊళ్లో ఇంత పెద్ద గోదాము ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పమన్నారు. ఒక చైనా అమ్మాయి, రేపు తన గది అద్దె ఎవరికి పోతుందో అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడింది. నా ఇంగ్లీషుకి అంతా అందలేదు గానీ ఆ పిల్ల ముఖం గుర్తుంది.

ఆ ప్రశ్న మీ అబ్బాయికి కాలేజీ వాకిట్లోనే ఎదురవుతుంది. యూనివర్సిటీని ఆనుకుని ఆల్‌స్టన్ అనే పేట ఉంది. బోస్టన్‌లో అద్దె ఒప్పందాలు చాలావరకు సెప్టెంబర్ 1నే మారతాయి. ఆ రోజు వీధులన్నీ సామాన్ల లారీలే, పేవ్‌మెంట్ల మీద వదిలేసిన పరుపులు, సోఫాలు, బల్లలు. ఏరుకునేవాళ్లు ఏరుకుంటారు, దాన్ని ఆల్‌స్టన్ క్రిస్మస్ అంటారు. విద్యార్థులు వేలల్లో వచ్చే ఊళ్లో గదులకి గిరాకీ పెరిగి, అక్కడే పుట్టి పెరిగినవాళ్లు అద్దె కట్టలేక కదిలిపోతారు. మన పిల్లలు కూడా ఆ గిరాకీలో భాగమే. అదే నగరంలో రోజీస్ ప్లేస్ ఉంది, ఇల్లు లేని ఆడవాళ్ల కోసమే అమెరికాలో మొట్టమొదట వెలిసిన ఆశ్రయం. 1974లో కిప్ టియర్నన్ అనే ఆవిడ మొదలుపెట్టింది. ఇవన్నీ చూశాక తరగతిలో కూర్చునే పిల్లాడికీ, విమానాశ్రయం నుంచి నేరుగా హాస్టల్ గదికి వెళ్లి తలుపేసుకునే పిల్లాడికీ తేడా ఉంటుందా ఉండదా, మీవారినే అడగండి. అప్పు చేసినవారి బాధ నాకు తెలుసు, ఆయన మీద నాకు గౌరవమే. కానీ మొదటి నెల ఒంటరితనం భరించలేక రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడ్చే పిల్లల్ని నేను చూశాను. పక్కపక్కన నిలబడి చెమట పట్టేదాకా పని చేసిన నలుగురు ముందే తెలిసి ఉంటే, ఆ నెల తేలిగ్గా గడుస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పి పంపండి. అన్నం కోసం వరసలో నిలబడ్డ మనిషిని, అక్కడున్న పిల్లల్ని ఫొటో తీయొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. ఇంకోటి, ఆ వారం వెళ్లిన చోటుకి అక్టోబర్‌లో ఒక్కసారైనా తిరిగి వెళ్లమనండి, జట్టు లేకుండా, తనంతట తానే. శాకాహారి అయితే ఆ సంగతి దరఖాస్తులో ముందే రాయించండి.

వ్రతం సంగతి. ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో ఇంకో శుక్రవారం చేసుకోవచ్చని మా అత్తగారు చెప్పేవారు. అబ్బాయి ఉండగానే చేసుకోండి. పూర్ణం బూరెలు తిని, తోరం కట్టించుకుని వెళ్తాడు.

ప్రశ్న: వరంగల్‌లో ఇంజనీరింగ్‌లో చేరాను మేడమ్. ఇండక్షన్‌లో ఒకరోజు ఊరికి తీసుకెళ్తామన్నారు. అది టైంపాస్, ఎగ్గొట్టమని సీనియర్లు అంటున్నారు. వెళ్లకపోతే ఏమవుతుంది? (ఒక విద్యార్థిని)

జవాబు: ఏమీ కాకపోవచ్చు, మార్కులు పోవు. అయినా వెళ్లు తల్లీ. కొత్త ఇంజనీరింగ్ పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ఉండాలని, దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2017లో పెట్టింది. చుట్టుపక్కల ఊళ్లు చూడటం అందులో భాగమే. నడిపేవాళ్ల ఓపికను బట్టి అది టైంపాస్ అవడమూ నిజమే, బస్సు దిగి గ్రూప్ ఫొటో దిగి వచ్చేస్తారు. ఫొటో అయ్యాక నువ్వు ఇద్దరు స్నేహితురాళ్లని తీసుకుని అంగన్‌వాడీకి వెళ్లు. తూకం మిషన్ పనిచేస్తోందా, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, ఆయమ్మకి రోజూ తలనొప్పిగా ఉండే పని ఏది అని అడుగు. నోట్‌బుక్‌లో రాసుకో. నీది ఏ బ్రాంచ్ అయినా, మూడో ఏడు ప్రాజెక్ట్ ఏం చేయాలా అని వెతుక్కునేటప్పుడు ఆ పేజీ తీసి చూడు. ఎండ ఉంటుంది, చున్నీ, నీళ్ల బాటిల్ తీసుకెళ్లు. ఎవరింట్లోనైనా మజ్జిగ ఇస్తే కాదనకుండా తాగి, గ్లాసు కడిగిచ్చి రా.