ఏసీ వేస్తే వోల్టేజ్ 175కి పడిపోతోంది, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. రాత్రిపూట ఏసీ, నీళ్ల మోటారు కలిపి వేస్తే మీటరు డిస్‌ప్లేలో 175 వోల్టులే కనిపిస్తోంది, అవి ఆపేస్తే మళ్లీ 235కి వస్తోంది. పోయిన నెల ఫ్రిజ్ కంప్రెసర్ కాలిపోయి 8,500 రూపాయలు వదిలింది. లైన్‌మన్‌కి చెబితే స్టెబిలైజర్ కొనుక్కోమంటున్నాడు. కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ‘సేవ’ అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే కరెంటు సరఫరా ఉంది. కానీ రేపే పరుగెత్తకండి, ఇప్పుడు మీ చేతిలో కాగితం ఒక్కటీ లేదు. లైన్‌మన్‌తో నోటిమాటగా చెప్పింది ఏ కోర్టులోనూ ఫిర్యాదు కింద లెక్కకు రాదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. మీటరు దాటాక వైరింగ్ మీ బాధ్యత, అక్కడిదాకా డిస్కంది. మీటరే 175 చూపిస్తోంది కాబట్టి ఇంట్లో వైరింగ్‌ని అనుమానించక్కర్లేదు. అదే సమయంలో పక్కింటివాళ్ల మీటరు కూడా చూడండి. వాళ్లకీ పడిపోతుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదో లైను మీదో లోడు ఎక్కువైనట్టు, మీకొక్కరికే అయితే స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు సన్నదై ఉండాలి, లేదా ఎక్కడో జాయింటు లూజై ఉండాలి. రెండోదే అయితే మాత్రం కోర్టు సంగతి తర్వాత, ముందు 1912కి (కరెంటు ఫిర్యాదుల నంబరు) ఫోన్ చేయండి. ఎందుకంటే 20 ఆంపియర్లు లాగినప్పుడు 60 వోల్టులు పోతున్నాయంటే 1,200 వాట్లు ఆ దారిలోనే వేడి అయిపోతున్నాయి. అదంతా ఒక్క జాయింటు దగ్గరే అయితే ఇస్త్రీపెట్టె ఆన్ చేసి స్తంభానికి వేలాడదీసినట్టే. లూజైంది న్యూట్రల్ అయితే ఇంకా ప్రమాదం.

ఆ ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరు రాసుకోండి. తర్వాత డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి ఒక అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మీటరు డిస్‌ప్లే ఫోటోలు, తేదీ, టైము పడేట్టు, నాలుగైదు రాత్రులవి తీసి దానికి జత చేయండి. సరఫరా ప్రమాణాల ప్రకారం ఇళ్లకిచ్చే వోల్టేజ్ 6 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు, 240 లెక్కన చూస్తే 225కి తగ్గకూడదు. నెట్‌వర్క్ పెంచక్కర్లేని లోపమైతే 10 రోజుల్లో, పెంచాల్సి వస్తే 120 రోజుల్లో సరిచేయాలి. గడువు దాటితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 57 కింద మీకు పరిహారం రావాలి. అడగకుండా ఎవరూ ఇవ్వరు, నా అనుభవం అదే.

గడువు దాటినా కదలిక లేకపోతే సీజీఆర్ఎఫ్‌కి, అంటే కరెంటు వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి వెళ్లండి. చట్టం ప్రకారం ప్రతి డిస్కం ఆ వేదిక పెట్టాల్సిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను!). అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే, దాని మీద అప్పీలు వినడానికి విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈలోగా 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద మీ ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ ఎంత, దాని మీద ఎన్ని సర్వీసులున్నాయి, మొత్తం లోడు ఎంత అని అడగండి. కోర్టులో నా వాదన కంటే ఆ జవాబే గట్టిగా పనిచేస్తుంది.

ఇక మీరు రాయని సంగతి ఒకటుంది. మీ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షన్‌కి మంజూరైన లోడు) ఎంతుందో చూశారా? పాత కనెక్షన్ ఒక కిలోవాటుదై, మీరు ఏసీ, గీజరు, మోటారు కలిపి ఐదు లాగుతుంటే, డిస్కం వాళ్ల మొదటి జవాబు అదే అవుతుంది. పైగా మంజూరైన లోడు మించి వాడటం కూడా అనధికార వాడకమేనని సుప్రీంకోర్టు 2011లో ఒడిశాలోని ఒక రైస్ మిల్లు కేసులో చెప్పింది. అనధికార వాడకానికి డబ్బు లెక్కగట్టే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద నోటీసు వచ్చిందంటే దాని మీద కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లడం కుదరదు, 2013లో ఆ సంగతీ తేల్చేశారు. అందుకే అర్జీ ఇవ్వకముందే డబ్బు కట్టి లోడు పెంచుకోండి. కట్టించుకున్నాక, ఆ లోడుకి సరిపడా వోల్టేజ్ ఇవ్వలేమని వాళ్లు అనలేరు.

ఫ్రిజ్ డబ్బుల కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి కాలిపోయిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది కాబట్టి టెన్షన్ పడకండి. అయితే కంప్రెసర్ తక్కువ వోల్టేజ్ వల్లే పోయిందని రిపేరు చేసిన మెకానిక్ చేత రాయించుకోండి, బిల్లుతో సహా. పాత కంప్రెసర్ అతనే తీసుకెళ్లాడా? ఇంకా తుక్కుకి వేసి ఉండకపోతే వెనక్కి తెచ్చి అటక మీద పెట్టండి.