పార్కు స్థలంలో బండలు పాతారు, కాలనీ సంఘం ఏం చేయాలి?

ప్రశ్న: మాది కర్నూలులో కల్లూరు వైపు ఉన్న పాత లేఅవుట్. మొత్తం ఆరెకరాలు, డెబ్బై ఇళ్లు. మధ్యలో అరవై సెంట్లు పార్కు కోసం వదిలారని మొదటి నుంచీ వింటున్నాం. సంక్రాంతి ముగ్గుల పోటీలు, వినాయక చవితి అక్కడే చేసుకుంటాం. ఈ వేసవిలో ఒకాయన వచ్చి ఉత్తరం వైపు పదిహేను సెంట్ల చుట్టూ బండలు పాతించాడు. లేఅవుట్ వేసిన రైతు కొడుకుల దగ్గర కొన్నానంటూ అగ్రిమెంటు, ఖాళీ స్థలం పన్ను రసీదు చూపిస్తున్నాడు. స్టేషన్‌కు వెళితే సివిల్ మేటర్ అన్నారు. మా సంఘం రిజిస్టర్ కాలేదు. అక్కడ గుడి కట్టేస్తే ఇక ఎవరూ ముట్టుకోరని మావాళ్లు కొందరు పట్టుబడుతున్నారు. ఇంకొందరు రాస్తారోకో అంటున్నారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన్ను కబ్జాదారు అన్నందుకు పరువు నష్టం కేసు వేస్తానని బెదిరిస్తున్నాడు. మేం ఏం చేయాలి?
– సంఘం కార్యదర్శి, రిటైర్డ్ టీచర్, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు గుడి సంగతి తేల్చుకుందాం. మిగతా పనులకు కొంచెం వ్యవధి ఉంది, దీనికి లేదు. ఎవరో ఒకరు ఆవేశపడి రాత్రికి రాత్రి గద్దె కట్టి విగ్రహం పెట్టేస్తే మీ కేసు అక్కడే సగం పోతుంది.

రోడ్లు, పార్కులు, ఇతర ప్రజా స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏ పేరుతోనైనా సరే, అనుమతి లేని కట్టడాలు కొత్తగా రాకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఉత్తర్వు ఇచ్చింది. అది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. రేపు పార్కును కాపాడమని మీరు కోర్టుకు వెళితే, ఇప్పుడు అక్కడ ఏముందని జడ్జిగారు అడుగుతారు. గుడి ఉందని చెప్పాల్సి వస్తే మీ నోరు పెగలదు. ఆయన బండలు పాతాడు, మీరు స్లాబు వేశారు. చట్టం కళ్లకు ఇద్దరూ ఆక్రమించినవాళ్లే. ఆ స్థలాన్ని దక్కించుకునే దారి అది కాదని మీ కుర్రాళ్లను, పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పండి. భక్తికి అడ్డు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏటా తొమ్మిది రోజులు పందిరి వేసి తీసేయడానికి, శాశ్వత కట్టడానికి చట్టంలో చాలా తేడా ఉంది.

ఇక అసలు విషయం. పార్కు కోసం వదిలారని మీకు తెలుసు, చుట్టుపక్కల అందరికీ తెలుసు. కానీ ఆ మాట చెప్పే కాగితం మీ చేతిలో ఉన్నట్టు లేదు. అవతలాయన చేతిలో రెండు కాగితాలున్నాయి. అవి ఎంత బలహీనమైనవో తర్వాత చెబుతాను. ముందు మీ కాగితాలు వెతుక్కోండి.

మొదటిది మీ ఇళ్లలోనే ఉంది. స్థలాన్ని ఆనుకుని ఉన్న ప్లాట్ల వాళ్ల పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులు తీయించి, చివరి పేజీల్లో చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, చదవండి. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు, పడమర: ప్లాట్ నంబరు 24, ఉత్తరం: పార్కు నిమిత్తం వదిలిన స్థలం’ అన్న ధోరణిలో ఉంటుంది. అది రాయించి సంతకం పెట్టి డబ్బు తీసుకున్నది ఎవరు? ఆ రైతే. పార్కు ఉందని చెప్పి ప్లాట్లు అమ్మిన మనిషి, ఆయన వారసులు, ఇప్పుడు అది మా సొంత భూమి అని మాట మార్చడాన్ని సాక్ష్యాల చట్టం ఒప్పుకోదు. నాలుగు వైపుల నుంచి నాలుగు దస్తావేజులు దొరికినా చాలు, పార్కు హద్దులు వాటంతట అవే బయటపడతాయి. ఇలాంటి కేసుల్లో నేను అన్నిటికంటే ముందు అడిగే కాగితం ఇదే.

రెండోది, మంజూరైన లేఅవుట్ నకలు. దీనికి సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలోని పౌర సమాచార అధికారికి అర్జీ పెట్టండి. ఫీజు పది రూపాయలు. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆ చట్టం సమాచారం అడిగే హక్కును పౌరులకు ఇచ్చింది. అందుకే సంఘం లెటర్‌హెడ్ మీద కాకుండా మీ సొంత పేరుతో అడగండి, అప్పుడు సాకు చెప్పి తిప్పి పంపడానికి వీలుండదు. ఆమోదించిన లేఅవుట్ సర్టిఫైడ్ నకలు, దాని ఎల్.పి. (లేఅవుట్ పర్మిట్) నంబరు, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించిన గిఫ్టు డీడు నంబరు, ఆ సర్వే నంబరులో ఖాళీ స్థలం పన్ను ఏ ఆధారంతో వేశారో ఆ ఫైలు, ఈ నాలుగూ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. అప్పట్లో పంచాయతీ కింద ఉండి తర్వాత కార్పొరేషన్‌లో కలిసిన లేఅవుట్ అయితే ‘ఫైలు దొరకడం లేదు’ అనే మాట వినాల్సి రావచ్చు. అందుకని అదే రోజు టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ జిల్లా ఆఫీసుకూ ఇంకో అర్జీ పెట్టేయండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం, కూడా తీయించండి.

లేఅవుట్ వేసినప్పుడు మొత్తం స్థలంలో కనీసం 10 శాతం ఖాళీగా వదిలి, దాన్ని స్థానిక సంస్థకు ఉచితంగా గిఫ్టు డీడు ద్వారా అప్పగించాలని 2017 నాటి మన రాష్ట్ర లేఅవుట్ నిబంధనలు చెబుతున్నాయి. మీది పాత లేఅవుట్ కాబట్టి గిఫ్టు డీడు లేకపోవచ్చు. అది లేదని తెలిస్తే కంగారు పడకండి. లేఅవుట్ ప్లానులో పార్కుకో రోడ్డుకో కేటాయించిన స్థలం మీద యజమాని ఇక మామూలు హక్కుదారుగా ఉండడు, ప్రజల కోసం దాన్ని పట్టుకుని ఉంటాడంతే అని చేత్‌రాం వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తనకే లేని హక్కును రైతు కొడుకులు ఇంకొకరికి ఎలా అమ్మగలరు?

ఆయన కాగితాల సంగతికి వస్తే, అగ్రిమెంటు అమ్మకం కాదు. స్థిరాస్తి మీద హక్కు రిజిస్టరైన క్రయ దస్తావేజుతోనే మారుతుందని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ తీర్పు తేల్చేసింది. పన్ను రసీదు డబ్బు కట్టాడని చెబుతుందే తప్ప భూమి ఆయనదని చెప్పదు. ఎవరు కట్టినా ఆఫీసులో రసీదు ఇస్తారు. అయితే రేపు ఆ అగ్రిమెంటును రిజిస్ట్రేషన్ దాకా తీసుకెళ్లకుండా ఆపాలి. అందుకు కమిషనర్‌గారికి ఒక వినతి ఇవ్వండి. పార్కు స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద నిషేధిత జాబితాలో పెట్టించమని, సర్వేయరుతో కొలిపించి హద్దులు వేయించమని, పన్ను మదింపు రద్దు చేయమని అందులో అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అదే కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. స్టాంపు వేసిన ఆ రసీదు లేకపోతే మీరు అడిగినట్టు రేపు ఎవరూ ఒప్పుకోరు.

వినతిలో ఒక మాట చేర్చండి. వానాకాలంలో మీ వీధుల నీళ్లు ఆ ఖాళీ స్థలంలోకి చేరతాయంటే, ఫొటోలు జత చేసి ఆ విషయం రాయండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు నిలవడానికి చోటు లేకపోతే ఏమవుతుందో కర్నూలు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాలనీ మధ్య మట్టి నేల కాస్త మిగలడం పిల్లల ఆటకు ఎంత అవసరమో, ఇళ్లలోకి నీళ్లు రాకుండా ఉండడానికీ అంతే అవసరం.

అధికారులు కదలకపోతే కోర్టు. అక్కడ పార్కుల విషయంలో చట్టం మీవైపే గట్టిగా ఉంది. 1987లో దామోదర్‌రావు కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మాస్టర్ ప్లానులో వినోద స్థలంగా చూపిన చోట ప్రభుత్వ సంస్థలైనా ఇళ్లు కట్టుకోకూడదంది. మంచి వాతావరణంలో బతకడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనంది. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ కోర్టుకెక్కింది మీలాంటి చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. ‘మీకేం సంబంధం’ అని వాళ్లను అడగడానికి వీల్లేదని కూడా ఆ తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచి పనే అయినా పార్కు పార్కుగానే ఉండాలన్నారు. రేపు కార్పొరేషనే వచ్చి అక్కడ ఏదో బిల్డింగు కడతామన్నా మీకు ఈ తీర్పే అండ.

సంఘం రిజిస్టర్ కాలేదన్న బెంగ వద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కొందరు అందరి తరఫున దావా వేయవచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించే ఆక్రమణ మీద అదే కోడ్ సెక్షన్ 91 కింద ఇద్దరు ముగ్గురు కలిసినా చాలు, కోర్టు అనుమతి తీసుకుంటే సరిపోతుంది. కార్పొరేషన్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలంటే ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ప్రభుత్వాన్ని చేరిస్తే సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఉంటుంది, అత్యవసరమైతే కోర్టు దాన్ని సడలించగలదు. కట్టడం మొదలైతే నేరుగా హైకోర్టులో రిట్ వేయడమే మేలు. మీరు ముందే ఇచ్చిన వినతులు, రసీదులు అక్కడ పనికొస్తాయి.

పోలీసులు సివిల్ మేటర్ అన్నది పూర్తిగా తప్పు కాదు. కానీ భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ప్రజల వాడకానికి అడ్డంకి తీయించే అధికారం ఆర్డీఓ లాంటి మేజిస్ట్రేట్లకు ఉంది. పాత సీఆర్పీసీలో ఇదే సెక్షన్ 133. అక్కడ ఒక పిటిషన్ వేయవచ్చు. అయితే ప్రజల హక్కే లేదని బండలు పాతినాయన నమ్మదగిన ఆధారం చూపిస్తే ఆ విచారణ ఆగి, సివిల్ కోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఈలోగా రేపే చేయాల్సిన పని ఒకటుంది. మీరు అడ్డం వస్తున్నారంటూ ఆయనే ముందు కోర్టుకెళ్లి మీ మీద ఇంజంక్షన్ తెచ్చుకునే ప్రమాదం ఉంది. మీరు లేనప్పుడు ఉన్నవీ లేనివీ చెప్పి తెచ్చుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148-ఎ కింద కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ, వేయండి. తొంభై రోజుల దాకా మీకు తెలియకుండా ఏకపక్షంగా ఉత్తర్వు రాదు. ఖర్చు తక్కువ, ఫలితం పెద్దది.

సంఘాన్ని రిజిస్టర్ చేయించడం మంచిదే, కానీ దానికోసం పై పనులేవీ ఆపకండి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవచ్చు. చందాలకు రసీదు పుస్తకం, సంఘం పేర బ్యాంకు ఖాతా, మీటింగుల మినిట్స్ బుక్కు పెట్టుకోండి. ఏటా కమిటీ పేర్ల జాబితా రిజిస్ట్రార్‌కు పంపడం మర్చిపోతుంటారు, అది మర్చిపోవద్దు.

వాట్సాప్ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువు నష్టం నేరమే. నిజం అయి, ప్రజల మేలు కోసం చెప్పిన మాటకు మినహాయింపు ఉంది కానీ, ఆ నిజాన్ని రుజువు చేయాల్సింది మీరే. ఇంకా కోర్టు తేల్చని విషయంలో మనిషి పేరు పెట్టి కబ్జాదారు, దొంగ అనడం ఎందుకు? ‘లేఅవుట్‌లో పార్కుగా చూపిన స్థలంలో బండలు పాతారు, తొలగించమని అధికారులను కోరాం’ అని రాయండి. ఫ్లెక్సీ వేసినా అవే మాటలు, అదీ కార్పొరేషన్ అనుమతితో. ఇప్పటికే పెట్టిన మెసేజీలు చెరిపేయకండి, కొత్తవి ఆపండి. ఆయన బెదిరింపులు కూడా అలాగే దాచుకోండి.

రాస్తారోకో వద్దే వద్దు. శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. అనుమతి తీసుకుని కార్పొరేషన్ ఆఫీసు ముందు అందరూ కూర్చోండి, ఎవరూ కాదనరు. రోడ్డు ఆపితే మాత్రం మీ పిల్లల మీద కేసులు పడతాయి. రాయలసీమ నలుమూలల నుంచి పెద్దాసుపత్రికి అంబులెన్సులు వచ్చే ఊరు ఇది. మీ న్యాయమైన గోడు ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదు.

ఈ ఏడాది చవితి మానకండి. బండలు లేని భాగంలోనే పందిరి వేయండి. పోలీసు అనుమతి, కార్పొరేషన్ అనుమతి, విద్యుత్ సంస్థ ఎస్పీడీసీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, స్తంభానికి వైర్లు తగిలించొద్దు. మైకు రాత్రి పదింటికి ఆపాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు కుదరదు. ప్రభుత్వం పండుగలకు ప్రత్యేకంగా సడలించిన రోజుల్లో మాత్రమే అర్ధరాత్రి దాకా వీలు, అదీ ఏడాదిలో పదిహేను రోజులకు మించదు. ఆ అనుమతి పత్రాల మీద స్థలం పేరు ‘కాలనీ పార్కు’ అని రాయించండి. పాత ఏళ్ల అనుమతులు, తేదీలున్న ముగ్గుల పోటీల ఫొటోలు ఎవరి ఇంట్లో ఉన్నా సేకరించండి. బండలు రాకముందు ఆ ఉత్తరం వైపు ముగ్గులు వేసిన ఫొటో ఒక్కటి దొరికినా, ప్రజలు ఆ స్థలాన్ని వాడుకుంటున్నారనడానికి అది మంచి సాక్ష్యం.

లాయరు ఫీజు గురించి వెనకాడితే, 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దావాలో మీరు, మీ కాలనీ మహిళలు వాదులుగా ఉండండి. కర్నూలు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. వెళ్లేటప్పుడు చెక్కుబందీ ఉన్న ఆ దస్తావేజుల నకళ్లు వెంట తీసుకెళ్లండి.