ఫెరైట్ బీడ్ సంగతి తర్వాత, ముందు అనవసరమైనవి ఆపు

చిరంజీవి మేనకోడలికి పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పుకున్నవి రెండు బాధలు. చిప్పులకి తాళం వేసే నీ క్లాక్ బోర్డు వేలు పెట్టనివ్వనంత వేడెక్కుతోందని ఒకటి, 156.25 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్‌లో జిట్టర్ ఎక్కువుందని ఇంకోటి. అంతలోనే లైను తెగింది. గట్టిగా వానొస్తే మా వీధిలో కరెంటూ టవరూ కలిసే పోతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నా.

అవి రెండు కావు తల్లీ, ఒకటే. ఎదురింటివాళ్ళు బోరు మోటారు వేస్తే మన హాల్లో దీపం ఒక్క క్షణం గుడ్డిదవుతుందే, చిప్పులోనూ అదే జరుగుతుంది. క్లాక్‌ని బయటికి తోసే బఫర్ ఒకటి కరెంటు గుంజితే అదే సప్లై రైల్ మీదున్న పక్కదాని వోల్టేజి వంగుతుంది. రైల్ అంటే మన నౌపడా-గుణుపూర్ బండి కాదులే, కరెంటు అందించే లైను. వోల్టేజి వంగితే దాని క్లాక్ అంచు అటూ ఇటూ జరుగుతుంది, నీకు కనిపించే జిట్టర్ అదే. కాబట్టి ముందు గుంజేవాటిని తగ్గించు, ఫిల్టర్ల సంగతి తర్వాత. మీ కుర్రకారు సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు.

వాడని అవుట్‌పుట్‌లు ఎన్ని తిరుగుతున్నాయో లెక్కపెట్టి అన్నీ ఆపెయ్. తర్వాత అవుట్‌పుట్ రకం చూడు. హెచ్‌సీఎస్ఎల్, ఎల్‌వీపెక్, ఎల్‌వీడీఎస్, సీమాస్ అన్నీ సిగ్నల్‌ని బయటికి పంపే పద్ధతులే. హెచ్‌సీఎస్ఎల్ తీగల జతలో ఏదో ఒక కాలు గుండా ఎప్పుడూ 15 మిల్లీయాంపుల దాకా పోతూనే ఉంటుంది. ఎల్‌వీపెక్ అయితే టెర్మినేషన్లతో (తీగ కొసన పెట్టే రెసిస్టర్లతో) కలిపి ఇంకా ఎక్కువ. అదే ఎల్‌వీడీఎస్‌కి 3.5 మిల్లీయాంపులు, 100 ఓంల మీద 350 మిల్లీవోల్టులు. అవతలి చిప్పు ఆ స్వింగునీ (సిగ్నల్ ఊగే ఎత్తునీ), కామన్ మోడ్ వోల్టేజినీ (రెండు తీగల సగటునీ) ఒప్పుకుంటే మార్చెయ్. సీమాస్ అవుట్‌పుట్ల ఖర్చు వోల్టేజి వర్గాన్ని బట్టి పోతుంది గనక 3.3 వోల్టుల నుంచి 1.8కి దిగితే దాదాపు 30 శాతమే మిగులుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పొదుపు పేరుతో క్లాక్ అంచుని నెమ్మది చేశావో, పొదుపంతా జిట్టర్‌లో పోతుంది. నానోసెకనుకి ఒక వోల్టు ఎక్కే అంచు మీద 10 మిల్లీవోల్టుల గోల (నాయిస్) పడితే అది 10 పికోసెకన్లు జరుగుతుంది. అంచు సగం వేగానికి పడితే 20.

ఇక సప్లై లైనులో గోలని ఆపడానికి పెట్టే ఫెరైట్ బీడ్ సంగతి. దీంతో నేను మూడు వారాలు పోగొట్టుకున్నా. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక బోర్డులో క్లాక్‌కి అటూ ఇటూ 500 కిలోహెర్ట్జ్ దూరంలో స్పర్‌లు, అంటే ఉండకూడని గీతలు, లేచాయి. స్విచింగ్ సప్లై తిరిగేది సరిగ్గా అక్కడే. ఇంకా పెద్ద ఫెరైట్ బీడ్ వేశా, స్పర్ ఇంకా పెరిగింది. ఒక సాయంత్రం విసుగొచ్చి బీడ్ పీకేసి తీగముక్క అతికిస్తే, అనలైజర్ తెర మీద ఆ గీత కళ్ళముందే కిందికి దిగిపోయింది! బీడ్ మీద రాసే 600 ఓంలు 100 మెగాహెర్ట్జ్ దగ్గరి మాట. కింది ఫ్రీక్వెన్సీలో అది ఉత్త ఇండక్టరే, నా దాంట్లో సుమారు ఒక మైక్రోహెన్రీ. దాని వెనక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఉంది. రెండూ కలిసి రెసొనేట్ అయ్యే చోటు లెక్కవేసి చూడు, 503 కిలోహెర్ట్జ్! గోలని వడకట్టమని పెట్టింది గోలని పెంచి పంపుతోంది. చివరికి 10 మైక్రోఫారడ్‌తో సిరీస్‌లో 3 ఓంల రెసిస్టరు పెట్టి ఆ 0.1 కెపాసిటర్‌కి సమాంతరంగా కలిపితే ఆ శిఖరం అణిగింది. నీ బోర్డులో బీడ్ ఉంటే ముందు ఈ లెక్క వెయ్.

ఎల్‌డీవో (స్విచింగ్ లేకుండా వోల్టేజి దించే రెగ్యులేటరు) అన్నిటికీ వద్దు, వీసీవో (క్లాక్‌ని పుట్టించే ఆసిలేటరు) సప్లై పిన్నుకి మాత్రం తప్పనిసరి. 5 వోల్టుల నుంచి 3.3కి నేరుగా దించితే 200 మిల్లీయాంపుల దగ్గర 0.34 వాట్లు ఉత్తి వేడి. స్విచింగ్‌తో ముందు 3.8కి దించి, మిగిలిన అర వోల్టు ఎల్‌డీవోకి వదిలితే 0.1 వాటే. కానీ ఆ అర వోల్టుతో అది గోలని ఎంత ఆపుతుందో డేటాషీటు మొదటి పేజీలో కాక లోపలి గ్రాఫులో చూడు. మొదటి పేజీ గొప్పలు తరచూ 1 కిలోహెర్ట్జ్ దగ్గరివే.

మరొకటి, పక్కపక్క పిన్నుల మీద 155.52, 156.25 మెగాహెర్ట్జ్ క్లాక్‌లు పెట్టకు. రెండింటి తేడా 730 కిలోహెర్ట్జ్. మీరు జిట్టర్ కొలిచే 12 కిలోహెర్ట్జ్-20 మెగాహెర్ట్జ్ కిటికీలో అది తిన్నగా కూర్చుంటుంది. చిప్పు లోపలే అంటుకున్న ఆ గోలని బయటి ఏ ఫిల్టరూ పట్టదు. వేరు బ్యాంకుల్లోకి (పిన్నుల గుంపుల్లోకి) మార్చు.

ఇవన్నీ అయ్యాక సప్లై మీద 50 మిల్లీవోల్టుల సైన్ తరంగం ఎక్కించి, 100 కిలోహెర్ట్జ్ నుంచి మెల్లగా జరుపుతూ స్పర్ ఎక్కడ లేస్తుందో రాసుకో. 156.25 దగ్గర మైనస్ 70 డీబీసీ (క్లాక్ కన్నా 70 డెసిబెల్స్ కింద) స్పర్ అంటే కొసకీ కొసకీ 1.3 పికోసెకన్లు. మీ బడ్జెట్‌లో అంత చోటుందో లేదో నీకే తెలుస్తుంది.

ఆ కాగితం నాకు ఫోటో తీసి పంపేదాకా లేఅవుట్ ముట్టుకోకు. పండక్కి వచ్చినప్పుడు పాడైన బోర్డొకటి సంచీలో వేసుకురా, నా సోల్డరింగ్ ఐరన్ ఇంకా పనిచేస్తోంది.

మీ మావయ్య