“ఒక్క రాత్రిలో” అని రాయకు

చిన్నా,

ప్రభువు నామంలో వందనాలు. నిన్న మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు మందు మానేసి పద్నాలుగు నెలలైందని, ఇప్పుడు ఆ సాక్ష్యాన్నే గాస్పెల్ బ్లూస్‌లో, అంటే బ్లూస్ బాణీలో పాడే భక్తి పాటల్లో, అయిదు పాటలుగా కట్టి, డాలస్‌లో రికార్డు చేసి ఊరూరా పాడతానంటున్నావని చెప్పింది. చెబుతుంటే దాని గొంతు వణికింది. నాకు ముందు గర్వమేసింది, ఫోను పెట్టేశాక భయమేసింది. అందుకే రాస్తున్నాను.

గిటారు సంగతి ముందు కానిచ్చేద్దాం. ఓపెన్ డి పెట్టుకో, అంటే వేలు నొక్కకుండా మీటినా తీగలన్నీ కలిసి డి కార్డు పలికే శ్రుతి. ఆరో తీగ ఈ నుంచి డి, మూడోది జి నుంచి ఎఫ్ షార్ప్, రెండోది బి నుంచి ఏ, ఒకటోది ఈ నుంచి డి. నాలుగు, అయిదు ముట్టుకోకు. తీగలు లావుపాటి 13 సెట్టు వేయి. నీ దగ్గరున్న సన్నటి 10 సెట్టును ఇంత కిందికి దించితే వదులైపోయి, తీగల మీద జార్చే స్లైడు గొట్టం వెళ్ళి ఫ్రెట్టుకు కొట్టుకుని టకటకమంటుంది. స్లైడు చిటికెన వేలికి తొడుక్కుని, మామూలుగా వేలు నొక్కే చోట కాకుండా సరిగ్గా ఫ్రెట్టు కడ్డీ మీదే ఆనించు. దాని వెనక చూపుడు వేలు తీగల మీద తేలిగ్గా ఉండాలి. అది లేకపోతే స్లైడుకు అవతల ఉన్న తీగ ముక్క కూడా మోగి గోలగోలగా ఉంటుంది. మైకు పన్నెండో ఫ్రెట్టుకు ఎదురుగా, అడుగు దూరంలో పెట్టు. గిటారు రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్మనే మోత తప్ప ఏమీ వినబడదు.

బ్లూస్ పాటలో పన్నెండు బార్ల, అంటే పన్నెండు తాళం చుట్ల, లెక్క నీకు తెలిసిందే. డి నాలుగు, జి రెండు, డి రెండు, ఏ ఒకటి, జి ఒకటి, డి రెండు. చప్పట్లు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ పడాలి. మన తెలుగు సంఘంలో పాడితే మాత్రం జనం ఒకటో దెబ్బకే కొడతారు, మార్చడం నీ తరం కాదు. పాదం నేలకేసి కొడుతూ నీ లెక్కలో నువ్వుండు.

మీ డాలస్‌లోనే 1927 డిసెంబరులో బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే గుడ్డి గాస్పెల్ గాయకుడు మొదటిసారి రికార్డింగుకు కూర్చున్నాడు. ఆ రోజు పట్టిన పాటల్లో ఒకదాంట్లో మాటలే లేవు, మూలుగూ స్లైడూ తప్ప. 1977లో వాయేజర్ నౌకలో అంతరిక్షానికి పంపిన పాటల్లో అదొకటి. ఆయన్ని వింటే ఒకటి గమనించు. పాట పాదం సగంలో గొంతు ఆగిపోతుంది, మిగతా మాట తీగ పలుకుతుంది. నువ్వూ “తండ్రీ” అని అక్కడే ఆగు. ఆ తర్వాతి మాటలు లూకా పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథ చదివిన ప్రతివాడికీ తెలుసు. స్లైడును చెప్పనివ్వు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ నీ మొదటి పాట మాటలు పంపింది. అయిదు చరణాల్లో నాలుగు సీసా గురించే ఉన్నాయి. అయిదో దాంట్లో ఆ రాత్రి మోకాళ్ళ మీద పడ్డావు, సీసా సింకులో పారబోశావు, తెల్లారేసరికి కొత్త మనిషివి. ఒరేయ్, ఇది నువ్వు కొత్తగా చేసిన తప్పు కాదు. సాక్ష్యం పాటల్లో ఎన్నాళ్ళ నుంచో ఉన్నదే. ఇలాంటి వాటికి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి తిట్టే హక్కు నాకు సగమే ఉంది.

ఆ నాలుగు చరణాలు ఎవరు వింటారో ఆలోచించు. ముందు వరసలో మానేసి మూడు వారాలైనవాడు కూర్చుంటాడు. గ్లాసులో ఐసు కదిలిన చప్పుడు, ఆ రంగు, గొంతు దిగేటప్పటి మంట నువ్వు ఎంత బాగా రాస్తే వాడికి అంత ప్రమాదం. అలవాటు పడ్డ మెదడుకు ఆ ఆనవాళ్ళు చాలు, నోరూరుతుంది. సీసాకు ఒక్క చరణమే ఇవ్వు. బ్రాండు పేరు, రుచి, చప్పుడు వద్దు. దానివల్ల పోయింది రాయి. అద్దె కట్టని నెల రాయి, మీ అమ్మ ఫోను ఎత్తని ఆదివారం రాయి.

“ఒక్క రాత్రిలో” అన్నది దానికన్నా ప్రమాదం. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడంతో ఆగకపోవచ్చు. చివరి గుక్క తర్వాత మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి తప్పి, జ్వరం వచ్చి, లేనివి కనబడే డెలిరియం ట్రెమెన్స్ పట్టుకోవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో మందులిచ్చి, బి1 విటమిను ఎక్కించి, కనిపెట్టుకుని ఉంటారు. నిన్నూ అలాగే ఉంచారు కదా? అది పాటలో ఏదీ? నీ పాట విని ఎవడో ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకుని, సింకులో పారబోసి ప్రార్థనలో కూర్చుంటే? ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఎవరుంటారు? డాక్టరు మాట పాటలో పడినంత మాత్రాన దేవుని మహిమేమీ తగ్గదు. సువార్త రాసిన లూకాను పౌలే “ప్రియమైన వైద్యుడు” అన్నాడు.

పైగా ఒక్క రాత్రిలో గెలిచానని చెప్పడం ఈ సంగీతం స్వభావమే కాదురా. మా షికాగోలో థామస్ డార్సీ అనే ఆయన జార్జియా టామ్ పేరుతో బ్లూస్ పియానో వాయించేవాడు. ఆ బాణీని గుడిలోకి తెస్తే చాలా సంఘాలు తలుపులు వేశాయి. 1932లో ప్రసవంలో భార్య పోయింది, వెంటనే బిడ్డా పోయాడు. ఆ దుఃఖంలో కట్టిన “టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్” పాటలో ఆయన గెలిచానని చెప్పలేదు, చెయ్యి పట్టుకోమని అడిగాడంతే. ఆయనది మందు కథ కాదు. కానీ నీ అయిదో చరణం పక్కన ఆ పాట పెట్టుకుని విను.

బ్లూస్‌లో మొదటి పాదం రెండుసార్లు పాడతాం, మూడో పాదంలో జవాబు. “ఇవాళ తాగలేదు” అని పాడు. మళ్ళీ అదే పాడు. రెండోసారి కాస్త ఆలస్యంగా అందుకో, ఆ ఎడంలో జనానికి నీ రోజు కనబడుతుంది. మూడో పాదంలో రికవరీ కూటంలో గుండ్రంగా వేసిన కుర్చీలు, కాఫీ కప్పు పట్టుకోలేని చెయ్యి, ఆ కప్పు పట్టుకున్న పక్కవాడు రావాలి. ఆ పక్కవాడి పేరు, వాడి కథ మాత్రం రాకూడదు. ఆ గదిలో విన్నది నీ సొత్తు కాదు. నువ్వు వెళ్ళేది ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, మందు మానేసేవాళ్ళ సంఘానికైతే పోస్టరు మీద ఆ సంగతి వేయకు. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యుడి గుర్తింపు బయటపెట్టకూడదన్నది వాళ్ళ పదకొండో సంప్రదాయం. మానేశానని, ప్రభువు నిలబెట్టాడని చెప్పుకో, చాలు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది చెబుతాను. బ్లూస్ వాయించే చోట్లు ఎక్కువ బార్లే. పాడటం మొదలెట్టిన మొదటి ఏడాదంతా వాటికి ఒప్పుకోకు, గుళ్ళు, రికవరీ కూటాలు చాలు. తర్వాత వెళ్ళినా అందరికన్నా ముందు పాడే వంతు అడుగు, ఒంటరిగా వెళ్ళకు, నీళ్ళ సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళు, పోసి ఇచ్చిన గ్లాసు ఎవరిచ్చినా తాకకు. డబ్బు బదులు డ్రింకు కూపన్లిస్తామంటే గిటారు సర్దేయి. అందరూ స్టేజి మీద పడిపోతావని భయపడతారు. నా భయం ఆ తర్వాతి గంట. చప్పట్లు ఆగిపోయి, చెవులు ఇంకా మోగుతుంటే, అన్నం తినకుండా, అలసిపోయి, హోటలు గదిలో ఒక్కడివీ కూర్చునే గంట. అందుకని పాడే ముందే తిను. దిగగానే, తీగలు తుడవక ముందే, నీ స్పాన్సరుకు, అంటే మానేయడంలో నీకు తోడుండే పాత సభ్యుడికి, ఫోను చెయ్యి. గదిలో మినీ ఫ్రిజ్ ఉంటే ఖాళీ చేసి ఇమ్మని ముందే చెప్పు. సిగ్గుపడకు, నీలా అడిగేవాళ్ళు వాళ్ళకు కొత్త కాదు.

పార్సిలులో నా ఇత్తడి స్లైడు పంపుతున్నాను. గాజు దానికన్నా బరువు, తొలి వారం వేలు నొప్పెడుతుంది. వదులైతే లోపల రెండు చుట్లు గుడ్డ టేపు వేసుకో. రెండు ఊళ్ళదీ ఒకటే టైము కాబట్టి మొదటి ప్రోగ్రాము అయ్యాక, స్పాన్సరు ఎత్తకపోతే, ఎంత రాత్రయినా నాకు చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

మీ మామయ్య